మోటారు పోయిందనే ముందు ఒక్క తీగ పెట్టి చూడలేరా?

ఇప్పుడే షెడ్డు నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. మాది 1972 అంబాసిడర్ మార్క్ 2. ఈ వానలు మొదలైనప్పటి నుంచి వైపర్లు మొరాయిస్తున్నాయి. స్విచ్ వేస్తే అద్దం సగం దాకా ఈడ్చుకుంటూ వచ్చి అక్కడే నిలిచిపోతున్నాయి. షెడ్డులోని ఆటో ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తలేదు, టెస్ట్ ల్యాంపు చేత్తో ముట్టలేదు. ఒక్కసారి స్విచ్ వేసి చూసి, "మోటారు పోయింది సార్. కొత్తది వేసేద్దాం, పాతది ఇక్కడే వదిలేయండి" అన్నాడు.

పాతది ఇక్కడే వదిలేయాలట! ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

మోటారు పూర్తిగా కాలిపోతే వైపర్లు అసలు కదలవు. ఈడ్చుకుంటూ అయినా నడుస్తున్నాయంటే ముందు కరెంటు అరకొరగా అందుతోందన్నా అనుకోవాలి, కదలాల్సిన చోట ఏదో బిగుసుకుపోయిందన్నా అనుకోవాలి. ఈ రెండింటిలో ఏది అన్నది తేల్చడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వైపర్ చేతులు రెండూ అద్దం మీంచి పైకెత్తి స్విచ్ వేయాలి. అప్పుడూ నెమ్మదిగానే ఉంటే ఒక తీగ తీసుకుని, ఒక కొస మోటారు ఒంటికి, రెండో కొస బ్యాటరీ ఎర్త్‌కు, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే కొసకు, ఆనించాలి. వేగం అందుకుందా, దోషం ఎర్త్‌ది. అంతే పని!

అతను చేయనన్నాడు కాబట్టి అక్కడే, అతని తీగతోనే, నేనే చేశాను. వైపర్లు ఒక్కసారిగా పరుగందుకున్నాయి. మోటారు బిగించిన చోట ఎర్త్ తీగ మర విప్పి చూస్తే దాని కింద తెల్ల పెయింటు, మందంగా, నున్నగా. పోయిన వేసవిలో బండికి రంగు వేయించాం. వేసినవాళ్లు ఎర్త్ తీగ విప్పి, ఆ చోటును కూడా రంగుతో కప్పేసి, పైన మర బిగించేశారు. రాగి కొసకు పచ్చగా చిలుము. మోటారు కింద కుదుపు తగలకుండా రబ్బరు బుష్‌లు ఉంటాయి, వాటి గుండా కరెంటు పోదు. మిగిలిన దారి ఆ ఒక్క తీగే, దానికీ రంగు అడ్డం. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా గీకి, మర గట్టిగా బిగించాను. పని అయిపోయింది.

అది కళ్లారా చూసి కూడా ఆ మనిషి అన్న మాట వినండి: "ఇప్పటికి తిరుగుతుంది సార్, మోటారు మాత్రం మార్చాల్సిందే." ఎందుకు మార్చాలి? కారణం చెప్పమంటే ముఖం తిప్పుకున్నాడు.

ఎర్త్ బాగున్నా నెమ్మదిగా ఉన్న బండ్లుంటాయి. వాటిలోనూ ముందు చూడాల్సింది మోటారును కాదు. వైపర్ చేయి కూర్చునే స్పిండిల్‌లో గ్రీజు ఏళ్ల తరబడి ఎండి లక్కలా గట్టిపడుతుంది. కొన్ని కార్లలో మోటారు నుంచి స్పిండిల్ దాకా కడ్డీలు ఉంటాయి, కొన్నింటిలో గొట్టంలో నడిచే పళ్ల తీగ ఉంటుంది. ఆ లంకె ఊడదీసి మోటారును ఒంటరిగా తిప్పితే గుట్టు బయటపడుతుంది. స్పిండిల్‌ను చేత్తో తిప్పితే తిరగాలి. తిరగకపోతే నూనె వేయాలి, పాత గ్రీజు కడగాలి. మోటారు హాయిగా తిరుగుతున్నా ఒక వైపర్ మాత్రం కదలకుండా ఉంటే, చేయి లోపలి సన్నని పళ్లు అరిగాయేమో చూడాలి. చివరికి మోటారే విప్పాల్సి వచ్చినా, అరిగేది ముందు కార్బన్ బ్రష్‌లు, అంటే లోపల తిరిగే భాగానికి ఒరుసుకుంటూ కరెంటు అందించే చిన్న ముక్కలు. బ్రష్‌లు అరిగాయని మోటారునే పారేస్తారా?

అద్దం తుడవని బండిని వానలో నడిపితే మనుషులు చస్తారు. వైపర్ పని చేయాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 101వ నిబంధనే ఉంది. రాత్రి, హోరుగాలి, ఎదురుగా లారీ హెడ్‌లైట్లు, అద్దం మీద చెరువు. దీన్ని ఇంత తేలిగ్గా తీసుకునేవాళ్ల చేతికి స్క్రూడ్రైవర్ ఎలా ఇస్తారు?

ఇక పాతది వదిలేయమన్న మాట. మా నాన్నగారు ఉన్నప్పుడు ఇదే బండి మరో షెడ్డుకు వెళ్లింది. "డైనమో చార్జింగ్ చేయడం లేదు, ఆల్టర్నేటర్ వేద్దాం" అన్నారు. రెండూ ఇంజినుతో తిరుగుతూ బ్యాటరీని చార్జి చేసేవే, డైనమో పాత రకం. డైనమో అన్నది ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పుడు సరిగా చార్జి చేయదు. దాని తీరే అంత, అది జబ్బు కాదు. నాన్నగారు పెద్దమనిషి, నమ్మారు. సాయంత్రం వెళ్లి పాత డైనమో ఇవ్వమంటే, "అది తుక్కులో వేసేశామండి" అన్నారు. తుక్కు ఎవరిది? లోపల చుట్టిన రాగి ఎవరిది? డబ్బు కట్టి కొన్న మనిషిదా, స్పానర్ పట్టుకున్నవాడిదా? ఆయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఎంతసేపు మాట్లాడలేదో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ బండితో వచ్చిన వస్తువు అది. మళ్లీ దొరకదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది.

యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ వాహనంగా గుర్తిస్తూ 2021లో ప్రభుత్వమే నిబంధనలు తెచ్చింది. షెడ్డుల్లో మాత్రం అది ఇప్పటికీ తుక్కే. పాత బండి తెచ్చినవాడికి డబ్బు ఎక్కువైందనీ, ఏం చెప్పినా తలూపుతాడనీ వీళ్ల లెక్క. పార్టు విప్పడం వచ్చు, విప్పే ముందు అనుమానించడం రాదు. నేర్పేవాళ్లు లేరా అంటే, ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ముసలి మేస్త్రీలు ఉన్నారు. శబ్దం విని దోషం చెప్పగలరు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునే ఓపిక ఎవరికి ఉంది?

పాత బండి ఉన్న మిత్రులందరికీ గట్టిగా చెబుతున్నాను. తీగ పెట్టి చూపించనిదే మోటారు మార్చడానికి ఒప్పుకోకండి. ఏ పార్టు మార్చినా, విప్పిన పాతదాన్ని మీ కళ్లెదుటే గుడ్డలో చుట్టించి డిక్కీలో పెట్టించుకోండి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి. ఇవ్వనంటే బండి తాళం తీసుకుని వచ్చేయండి.