ఆ మెసేజ్ నమ్మి సీఏ ఫైనల్ పుస్తకాలు అమ్మేయకండి

వారం రోజులుగా ఒకటే మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది, మా ఆఫీసులో సీఏ శిక్షణలో ఉన్న ఆర్టికల్స్ గ్రూపులో కూడా. అందులో ఉన్నది ఇదీ: సీఏ ఫైనల్‌కి ఇక కోచింగ్ వద్దు, లావుపాటి మెటీరియల్ వద్దు, సిలబస్ మొత్తం ఏఐకి తెలుసు, ముప్పై రోజుల్లో నోట్సు అదే తయారుచేస్తుంది, రాబోయే ప్రశ్నలు అదే చెబుతుంది, మన జవాబులు అదే దిద్దుతుంది, ఆరో పేపరు ఎలాగూ ఓపెన్ బుక్ కాబట్టి దానికి చదవనే అక్కర్లేదు. ఇది చదివి, పుస్తకాలు సెకండ్ హ్యాండ్‌కి ఇచ్చేద్దామనుకుంటున్నానని మొన్న రాత్రి గాజువాక నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు సిలబస్ సంగతి. ఈ మధ్య ఒక ఆదివారం విశాఖ ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో మా జూనియర్ అమ్మాయి పక్కన కూర్చున్నాను, తను డైరెక్ట్ ట్యాక్స్ లెక్కలు చేస్తోంది. లెక్క చిన్నదే. ఒకాయన 2012-13లో మధురవాడలో 20 లక్షలకు కొన్న స్థలాన్ని 2024 అక్టోబరులో 70 లక్షలకు అమ్మాడు, పన్ను ఎంత? ఫోన్‌లో ఏఐని అడిగింది. ధరల పెరుగుదల సూచీ కొన్న ఏడాది 200, అమ్మిన ఏడాది 363, ఆ మేరకు కొన్న ధరని పెంచితే (ఇండెక్సేషన్) 36.30 లక్షలు, లాభం 33.70 లక్షలు, దాని మీద 20 శాతం అంటే 6.74 లక్షలు అని వరసగా, శుభ్రంగా వేసి ఇచ్చింది. గుణకారంలో తప్పు లేదు. కానీ 2024 జూలై 23 నుంచి రేటు ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతం అయింది. ఆ తేదీకి ముందు కొన్న స్థలమో ఇల్లో అయితే, రెసిడెంట్ వ్యక్తులూ హెచ్‌యూఎఫ్‌లూ (హిందూ అవిభక్త కుటుంబాలు) పాత పద్ధతిలో కూడా లెక్క వేసుకుని, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఇక్కడ 50 లక్షల మీద 12.5 శాతం, అంటే 6.25 లక్షలు. సెస్సు, సర్‌చార్జీ పక్కన పెట్టినా 49 వేలు తేడా. పరీక్షలో అయితే మార్కులు పోతాయి, రేపు క్లయింటుకి ఇలాగే చెబితే ఆయన డబ్బు పోతుంది.

‘అంత నమ్మకంగా చెప్పింది కదక్కా’ అంది ఆ అమ్మాయి. నా భయమంతా ఆ నమ్మకం గురించే. ఒప్పు చెప్పినప్పుడూ తప్పు చెప్పినప్పుడూ దాని మాట తీరు ఒకేలా ఉంటుంది, పుస్తకం తిరగేయని వాళ్లకి తేడా తెలిసే దారి లేదు. పైగా చట్టం ఒక చోట ఆగే రకం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారాయి, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో కొత్త చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, దానిలో సెక్షన్ నంబర్లే వేరు. మీ అటెంప్ట్‌కి, అంటే మీరు రాసే విడత పరీక్షకి, ఏ తేదీ వరకు వచ్చిన సవరణలు వర్తిస్తాయో సీఏ పరీక్షలు పెట్టే ఇనిస్టిట్యూట్ (ఐసీఏఐ) ముందే ప్రకటిస్తుంది. మీరు ఏ అటెంప్ట్ రాస్తున్నారో ఏఐకి చెప్పినా, పాత చట్టం కొత్త చట్టం కలిపేసి ఇచ్చిన జవాబులు నేను చాలా చూశాను.

ముప్పై రోజుల నోట్సు మాటకొస్తే, ఆర్టికల్‌షిప్ రెండేళ్లు పూర్తయ్యాక ఫైనల్ రాయడానికి ముందు ఆరు నెలల చదువు కాలం పెట్టింది ఇనిస్టిట్యూటే, ఊరికే పెట్టలేదు. నోట్సు ఎంత కుదిస్తే అంత వదిలేసినట్టు. ప్రతి పేపర్లో 40 రావాలి, మూడు పేపర్ల గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. రెండు పేపర్లలో 58 చొప్పున వచ్చి మూడోదాంట్లో 38 వచ్చిందనుకోండి, మొత్తం 154, సగం దాటింది, అయినా గ్రూపు పోయినట్టే. 60 రాలేదు కాబట్టి ఆ రెండు పేపర్లకి ఎగ్జెంప్షన్ కూడా రాదు, అంటే అవీ మళ్లీ రాయాల్సిందే. ఆ రెండు మార్కులు నోట్సులో ఎగిరిపోయిన చాప్టర్‌లో ఉంటే ఎవర్ని అడుగుతాం?

రాబోయే ప్రశ్నలు చెబుతుందట! అదొక ఊహ, అంతే. దాని మీద ఇంతకంటే రాయను.

జవాబులు దిద్దుతుందన్నది మాత్రం జాగ్రత్తగా చూడాల్సిన మాట, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. మా ఆఫీసులో ఒకబ్బాయి ఆడిటింగ్‌లో గోయింగ్ కన్సర్న్ ప్రశ్నకి జవాబు రాశాడు. కంపెనీ నడుస్తుందా అన్నదానిపై పెద్ద అనుమానమే ఉంది, కానీ ఆ సంగతి కంపెనీ తన నోట్స్‌లో సరిగ్గానే వెల్లడించింది. వీడు క్వాలిఫైడ్ ఒపీనియన్ (ఫలానా విషయం తప్ప లెక్కలు సరే అనే అభిప్రాయం) అని రాశాడు. ఏఐ పదికి ఎనిమిది వేసి, వివరణ చాలా బాగుంది అంది. ఆడిటింగ్ ప్రమాణం ఎస్ఏ 570 ప్రకారం వెల్లడి సరిగ్గా ఉంటే ఒపీనియన్ మార్చకూడదు, రిపోర్టులో దాని గురించి విడిగా ఒక భాగం పెట్టాలి, వెల్లడి సరిగ్గా లేకపోతేనే క్వాలిఫైడ్ లేదా అడ్వర్స్ (లెక్కలు సరిగ్గా లేవనే అభిప్రాయం). అంటే అసలు ముగింపే తప్పు, ఎనిమిది ఎక్కడిది? అదే ఏఐకి ఇనిస్టిట్యూట్ ఇచ్చిన సజెస్టెడ్ ఆన్సర్ కూడా పెట్టి, వీడు వదిలేసిన పాయింట్లు చెప్పమంటే బాగానే పట్టుకుంది. కాబట్టి వరస ఇలా ఉండాలి: ముందు ఇనిస్టిట్యూట్ ఇచ్చే ఆర్‌టీపీ (రివిజన్ టెస్ట్ పేపర్లు), ఎంటీపీ (మాక్ టెస్ట్ పేపర్లు) ప్రశ్నలు పెన్నుతో కాగితం మీద మీరు రాయాలి, తర్వాత అసలు జవాబు పక్కన పెట్టి దాన్ని అడగాలి. ఏఐ ఏదైనా కోర్టు కేసు పేరు చెబితే వెతికి చూడకుండా రాయొద్దు. 2023లో న్యూయార్క్‌లో ఏఐ ఇచ్చిన లేని తీర్పుల్ని కోర్టులో దాఖలు చేసిన లాయర్లకి 5,000 డాలర్ల జరిమానా పడింది, వాళ్లు వృత్తిలో ఉన్నవాళ్లే.

ఓపెన్ బుక్ అంటే చదవక్కర్లేదన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. నాలుగు గంటల్లో అన్ని సబ్జెక్టులూ కలిసిన కేస్ స్టడీలు, హాల్లోకి ఫోన్ రానివ్వరు. మీ పుస్తకంలో ఏ విషయం ఏ పేజీ దగ్గర ఉందో చేతికి అలవాటై ఉంటేనే ఆ పుస్తకం పనికొస్తుంది. అమ్మేసుకుంటే ఏం పట్టుకెళ్తారు?

ఇంతా చెప్పి ఏఐ వద్దనడం లేదు. తెలుగు మీడియంలో చదివి శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండే పిల్లలకి, రాత్రి పదకొండింటికి ఇండ్ ఏఎస్ 109లో (బాకీలు, అప్పుల లాంటి వాటి అకౌంటింగ్ ప్రమాణం) డౌటొస్తే అడగడానికి ఎవరూ ఉండరు. ఫిషింగ్ హార్బర్ దగ్గర పడవ ఇంజన్లు అరువు మీద అమ్మే షాపు ఉందనుకుని, బాకీలో ఎంత రాకపోవచ్చో ఇంకా ఎవరూ ఎగ్గొట్టకముందే ఎందుకు లెక్కేయాలో తెలుగులో చెప్పమని నేనే ఒకసారి అడిగి చూశాను, చక్కగా చెప్పింది. అది విన్నాక స్టడీ మెటీరియల్‌లో అదే చాప్టర్ తీస్తే ఇంగ్లిష్ పేరాలు అంత బరువుగా అనిపించలేదు. ఆ మెటీరియల్ ఇనిస్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంది. కోచింగ్‌కి వెళ్లాలా వద్దా అన్నది మీ స్తోమతని బట్టి, మీ బేసిక్స్‌ని బట్టి తేల్చుకోవాల్సింది, ఫార్వర్డ్ చూసి కాదు.

గాజువాక తమ్ముడు పుస్తకాలు ఉంచుకున్నాడు. ఈ శనివారం ఉదయం పెన్ను, కాగితాలు తీసుకుని మా ఆఫీసుకి రమ్మన్నాను. ఫోన్ నా డెస్కులో పెట్టించి, మూడు గంటలు టైమర్ పెట్టి ఒక మాక్ పేపరు రాయిస్తాను.