మానై వంగదని మా బావ పంపిన మెసేజ్

పొద్దున్నే అయిదుంపావుకి మా ఫ్యామిలీ గ్రూపులో బావ ఒక ఫార్వర్డ్ పెట్టాడు. పైన ఎర్ర గులాబీ, కింద పొద్దుపొడుపు బొమ్మ, మధ్యలో యావజ్జీవ శిక్ష. "నలభై దాటినవారికి ఎవరూ చెప్పని అయిదు నిజాలు" అని పేరు. మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. రానివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ఒకటి, నలభై దాటగానే మెటబాలిజం (ఒళ్ళు శక్తిని ఖర్చుపెట్టే వేగం) సగానికి పడిపోతుంది, గాలి పీల్చినా ఒళ్ళొస్తుంది. రెండు, మొక్కై వంగనిది మానై వంగదు కాబట్టి కొత్త అలవాట్లు పాతికేళ్ళలోపే పట్టాలి. మూడు, పట్టాలంటే 21 రోజులు చెయ్యాలి, ఒక్కరోజు తప్పినా లెక్క మళ్ళీ మొదటికి. నాలుగు, ఈ వయసులో బరువులెత్తితే మోకాళ్ళు పోతాయి, రోజుకు 10,000 అడుగులు నడిస్తే చాలు. అయిదు, రోజూ అద్దం ముందు నిలబడి సిగ్గు తెచ్చుకోండి, సిగ్గుపడనివాడు మారడు.

పిన్ని దండాల బొమ్మ పెట్టింది. పెద్దక్క "అక్షరసత్యం" అని రాసింది. నేనూ ఊరుకునేదాన్నే. కానీ పెద్దక్కకి 52, షుగర్ వచ్చే సూచనలున్నాయని డాక్టర్ చెబితే కిందటి నెలే నడక మొదలుపెట్టింది. సాయంత్రం ఫోన్ చేసి "నడుస్తున్నావా?" అంటే, "ఇంక ఈ వయసులో ఏం లేవే, చదివావుగా" అంది. అందుకని, బావా, ఏమీ అనుకోకు. ఒక్కోటీ తీస్తాను.

"మెటబాలిజం సగానికి పడిపోతుంది."

పడదు. దీన్ని కొలిచి చూశారు. 2021లో సైన్స్ పత్రికలో హెర్మన్ పాంట్జర్, ఆయన తోటి శాస్త్రవేత్తలు వేసిన పరిశోధన అది. 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషుల లెక్కలు తీశారు. ఎనిమిది రోజుల పసిగుడ్డు నుంచి 95 ఏళ్ళ ముసలివాళ్ళ దాకా ఉన్నారు అందులో. ప్రత్యేకంగా తయారుచేసిన నీళ్ళు తాగించి, అవి ఒంట్లోంచి ఎంత వేగంగా బయటికి పోతున్నాయో చూసి, మనిషి రోజుకి ఎంత శక్తి ఖర్చు పెడుతున్నాడో లెక్కకట్టే పద్ధతి ఒకటుంది. దాంతో తేలిందేమిటంటే, ఒంటి పరిమాణాన్ని బట్టి సరిచూసుకుంటే ఆ ఖర్చు 20 నుంచి 60 దాకా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. తగ్గేది 60 తర్వాత, అదీ ఏడాదికి 0.7 శాతం చొప్పున. నెలసరి ఆగే వయసులో ప్రత్యేకంగా కుప్పకూలడం వాళ్ళకి కనపడలేదు.

మరి ఒళ్ళెందుకు వచ్చింది? నా సంగతి చెప్తాను, నాకు 46. ఒక వారం పాటు ఏమేం నోట్లో వేసుకుంటున్నానో పాత డైరీలో రాసుకున్నాను. భోజనాల్లో పెద్ద తేడా లేదు. తేడా అంతా భోజనం అని నేను లెక్కవెయ్యని వాటిలో ఉంది. పిల్లాడి కంచంలో మిగిలిన రెండు ముద్దల పెరుగన్నం, పారెయ్యడమెందుకని. అత్తగారికి చేసిన ఉప్మా గిన్నె అడుగు. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు మైసూర్‌పాక్. నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. చెంచా అయిదు గ్రాములనుకున్నా అక్కడికే 40 గ్రాములు. రోజు మొత్తం మీద 25 గ్రాములకి దిగితే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. డిగ్రీ చదివేటప్పుడు బస్టాపు దాకా రానూపోనూ నడిచేదాన్ని, ఇప్పుడు గుమ్మం ముందు స్కూటీ, ఆఫీసులో లిఫ్టు. నా ఒళ్ళు నాకేం ద్రోహం చెయ్యలేదు, ఇచ్చినదాన్ని జాగ్రత్తగా దాచిపెట్టింది.

మారేవి అసలు లేవని కాదు. కండ తరుగుతుంది. 30 తర్వాత పదేళ్ళకి 3 నుంచి 8 శాతం దాకా పోతుందంటారు, వాడకపోతే ఇంకా వేగంగా. మన దేశంలో ఆడవాళ్ళకి సగటున 46, 47కే నెలసరి ఆగుతుంది. ఆ రోజుల్లో కొవ్వు తుంటి మీద నుంచి పొట్టకి మకాం మారుస్తుంది. థైరాయిడ్ ఉంటే అదో గొడవ, పరీక్ష చేయించుకోవాల్సిందే. కానీ ఇవన్నీ ఫలానా పని చెయ్యమని చెప్పే కారణాలు. చేతులెత్తెయ్యమని చెప్పేవి కావు.

"మొక్కై వంగనిది మానై వంగదు."

ఈ సామెత పిల్లల పెంపకం గురించి. మన పెద్దవాళ్ళు పిల్లాణ్ణి గారాబం చేసే తల్లితో అన్నమాట. దాన్ని తీసుకొచ్చి ఈ వయసు మనిషి మోకాళ్ళకి కట్టెయ్యడం అన్యాయం.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ఒక ప్రయోగం గురించి చెప్పాలి. మన పక్కనే చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసింది, 2006లో వెలువడింది. పేరు ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్. షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మందాకా వచ్చి కూర్చున్న 531 మందిని తీసుకున్నారు. సగటు వయసు 46. అచ్చంగా మానులే. కొందరికి ఊరికే మామూలు సలహా ఇచ్చి వదిలేశారు. కొందరికి అలవాట్ల మార్పు చెప్పారు. కదలకుండా కూర్చునేవాళ్ళయితే రోజుకి అరగంట చురుగ్గా నడవమన్నారు. తీపి మానమన్నారు, నూనె, పాలిష్ పట్టిన బియ్యం, మైదాలాంటివి తగ్గించి పీచున్నవి తినమన్నారు. మధ్యమధ్య ఫోన్ చేసి కనుక్కున్నారు. అంతే.

మూడేళ్ళలో, మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. అలవాట్లు మార్చుకున్నవాళ్ళలో 39.3 శాతానికే వచ్చింది. ఇంకొందరికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చి చూశారు, వాళ్ళకి ఎంత మేలు జరిగిందో, నడిచినవాళ్ళకీ కాస్త అటూ ఇటూగా అంతే జరిగింది.

ఇంకో ముక్క ఉంది, నేను రెండుసార్లు చదువుకున్నాను. వీళ్ళ బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పెద్దక్క ఆ రోజు ఇంకో మాట కూడా అంది: "ఇరవై రోజులు నడిచానే, మిషనెక్కితే అదే నంబరు." చెన్నైలో ఆ మనుషులు కూడా మిషనెక్కి అదే అనుకొని ఉంటారు. ముల్లు కదల్లేదు, అద్దంలో మనిషి మారలేదు. లోపల మాత్రం షుగర్ వెనక్కి తగ్గింది. బరువు మిషను చెప్పిందే తీర్పనుకుంటే వాళ్ళంతా మధ్యలోనే మానేసి ఉండేవాళ్ళు.

అమెరికాలో ఇలాంటిదే ఇంకా పెద్ద ప్రయోగం 2002లో వచ్చింది. అందులో అలవాట్ల మార్పు వల్ల అందరికంటే ఎక్కువ లాభపడింది 60 దాటినవాళ్ళు. మాను సంగతి అది.

"21 రోజుల నియమం."

ఈ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్, ముక్కు సరిచేయించుకున్నవాళ్ళకి కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం ఓ 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. "కనీసం" దారిలో ఎక్కడో రాలిపోయింది, ముక్కూ పోయింది, అంకె మిగిలింది.

నిజంగా అలవాట్లని కొలిచింది లండన్‌లో ఫిలిపా లాలీ బృందం, 2009లో. 96 మంది తలా ఒక చిన్న పని ఎంచుకుని, రోజూ జరిగే ఏదో ఒకదానికి దాన్ని ముడిపెట్టి 12 వారాలు చేశారు. అది ఆలోచించకుండానే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. ఒకరికి 18 అయితే ఇంకొకరికి లెక్క 254 దాకా పోయింది. మంచినీళ్ళు తాగడంలాంటివి త్వరగా పట్టాయి, కసరత్తుకి ఎక్కువ పట్టింది. ఒక్కరోజు తప్పితే? ఏమీ కాలేదు. మర్నాడు చేస్తే సరిపోయింది.

బావా, నీకు ఇది నేను చెప్పక్కర్లేదు అసలు. ఏటా కార్తీకమాసంలో మాల వేస్తావు. 41 రోజులు తెల్లవారుజామునే చన్నీళ్ళ స్నానం, చాప మీద పడక, సిగరెట్ జోలికి పోవు. 51 ఏళ్ళ మాను, ఇట్టే వంగుతుంది. మాల తీసిన సాయంత్రం మళ్ళీ కిళ్ళీ కొట్టు దగ్గరుంటావు. 41 రోజులు చాలకా? కాదు. ఆ 41 రోజులూ ఒంటిమీద నల్లబట్టలున్నాయి, ఎదురైన ప్రతివాడూ "స్వామీ" అన్నాడు, అక్క వేరే పొయ్యి మీద వండింది, పక్కన నీలాంటివాళ్ళే పదిమంది ఉన్నారు. మాలతోపాటు అవన్నీ పోయాయి. నీ మనోబలం మీద నాకు అనుమానం ఎప్పుడూ లేదు. దానికి నిలబడే చోటు లేదంతే.

నేను నాకు చోటు వెతుక్కున్నాను. పొద్దున స్టవ్ మీద కుక్కర్ పెడతాను కదా, మూడు కూతలు వచ్చేదాకా వంటింట్లో కుర్చీలో కూర్చుని లేవడం, చేతులు ఆనకుండా. మొదటి వారం ఆరుసార్లకే తొడలు వణికాయి. ఇప్పుడు పాతిక. గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, కూత గుర్తుచేస్తుంది. ఊరెళ్ళినప్పుడు మానేస్తాను, వచ్చాక కుక్కర్ ఎలాగూ పెట్టాలి.

"బరువులెత్తకూడదు, 10,000 అడుగులు చాలు."

10,000 అంకె 1965లో జపాన్‌లో యమాసా అనే గడియారాల కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరు. మన్‌పో-కెయ్, అంటే పదివేల అడుగుల మీటరు. డాక్టర్లు తేల్చిన మోతాదు కాదది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు వారంలో రెండు రోజులు కండరాలకి పని. ఆ రెండోదే మన ఫార్వర్డులో ఎగిరిపోయింది.

1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం వృద్ధాశ్రమంలో ఉంటున్న పదిమంది చేత కాళ్ళతో బరువులెత్తించింది. సగటు వయసు 90. ఎనిమిది వారాలు నిలిచిన తొమ్మిదిమందికి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. మోకాళ్ళ నొప్పులకి కూడా ఇవాళ డాక్టర్లు ముందు చెప్పే వైద్యాల్లో ఒకటి తొడకండరం గట్టిపడే వ్యాయామమే. బీపీ, గుండె జబ్బు, బాగా అరిగిన కీళ్ళు ఉన్నవాళ్ళు డాక్టర్ని ఒకమాట అడిగి మొదలుపెట్టాలి, ఆ షరతు సరే.

అయినా మనిళ్ళల్లో బరువులెత్తనిదెవరు? 14.2 కిలోల గ్యాస్, దాదాపు అంతే బరువు ఇనుము, గుమ్మం దగ్గర్నుంచి వంటింట్లోకి ఎవరు జరుపుతున్నారు? అప్పుడు రాని మోకాళ్ళ దిగులు నీళ్ళసీసా చేత్తో పట్టుకుని పైకెత్తితే వచ్చిందా?

"అద్దం ముందు సిగ్గు తెచ్చుకోండి."

ఇది మాత్రం నవ్వి వదిలెయ్యలేను. 2013లో ఏంజెలీనా సుటిన్, అంటోనియో టెరాచియానో అనే ఇద్దరు పరిశోధకులు ఆరువేల మందికి పైగా అమెరికన్లని నాలుగేళ్ళ తేడాతో చూశారు, ఎక్కువమంది యాభై దాటినవాళ్ళే. లావని తమని చిన్నచూపు చూస్తున్నారని చెప్పినవాళ్ళు, మొదట్లో ఊబకాయం లేనివాళ్ళయినా, తర్వాత ఊబకాయులయ్యే అవకాశం మిగతావాళ్ళకంటే రెండున్నర రెట్లు ఉంది. అది ఒక్కటే కారణమని ఇలాంటి పరిశీలన తేల్చలేదు, ఒప్పుకుంటాను. కానీ సిగ్గు మందే అయితే వాళ్ళు సన్నబడాలి కదా.

పోనీ దీనికి ఎదురు పాట పాడే ఫార్వర్డులున్నాయి, అద్దంలో చూసి "నేను అద్భుతం" అని పదిసార్లు అనుకోమనేవి. అదీ అంతే. 2009లో కెనడాలో జోవాన్ వుడ్ బృందం చూస్తే, తమమీద తమకి నమ్మకం తక్కువున్నవాళ్ళు అలాంటి మాటలు వల్లించాక ఇంకా దిగులుపడ్డారు. మనకి మనం చెప్పుకునే అబద్ధం మనకి తెలియకపోతుందా?

సిగ్గు నాకు ఏం చేసిందో చెప్తాను. నా దగ్గర ఒక ఆది జాకెట్టు ఉంది, చిన్నాడు పుట్టకముందుది. పన్నెండేళ్ళుగా ఏ చీర కొన్నా కుట్టడానికి దాన్నే ఇస్తున్నాను. లోపల మూడు వరసల కుట్లు వేయించడం, రాగానే రెండు విప్పించడం, అయినా చంకల్లో పట్టేసి పెళ్ళిలో చెయ్యెత్తి అక్షింతలు వెయ్యలేకపోవడం. కొలతలివ్వడానికి మనసొప్పేది కాదు. టేపు పెడితే నిజం బయటపడుతుందని. అదే భయంతో మూడేళ్ళు షుగర్ పరీక్ష కూడా వాయిదా వేశాను. సిగ్గు నన్ను నడిపించలేదు, దాక్కోబెట్టింది.

కిందటి ఆదివారం పక్కవీధిలో కుట్టే అమ్మాయి దగ్గరికి వట్టి చేతుల్తో వెళ్ళాను.

"ఆది తేలేదా అక్కా?"

"లేదమ్మా, టేపు పెట్టి కొలువు."

నాకేసి ఒకసారి చూసి, మెడలోంచి టేపు తీసింది. చేతులెత్తమంది. పెన్సిల్ చెవిమీద నుంచి తీసి, పాత నోట్‌బుక్కులో నా పేరు కింద వరసగా రాసుకుంది. జాకెట్టుకి అక్కర్లేకపోయినా పొట్ట దగ్గర కూడా కొలవమన్నాను. 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లు. మన ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్తపడాలని డాక్టర్లంటారు, మగవాళ్ళకి 90. దాటానన్నమాట. ఆ అంకె చెప్పేటప్పుడు ఆ అమ్మాయి గొంతు, పక్కావిడ లంగా పొడవు చెప్పినప్పటిలాగే ఉంది.

"లోపల కుట్లు ఎన్నెయ్యమంటారు అక్కా, మూడా?"

"ఒకటి చాలు. ఇది ఇవాళ్టికి సరిపోతే చాలు."