మైకు పోయిందని చెప్పే ముందు వోల్టేజీ కొలవండి

కార్తీకం వచ్చిందంటే నెల్లూరులో మైకుల జబ్బులు మొదలవుతాయి. మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతోనే. నా దగ్గరకు కండెన్సర్ మైకులు ఎక్కువగా మరమ్మతుకు వచ్చేదీ అప్పుడే. కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడుతోందంటారు. మైకుతోపాటు ఒక తీర్పు కూడా మోసుకొస్తారు: "షాపులో చూపించాం, క్యాప్సూల్ పోయిందన్నారు, కొత్తది కొనుక్కోమన్నారు."

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. క్యాప్సూల్ అంటే మైకులో శబ్దాన్ని పట్టే భాగం: ఒక పలుచని పొర, దాని వెనుక ఒక పలక. అది పోదని కాదు. పొర చిరగొచ్చు, వెనుక పలకకు అతుక్కుపోవచ్చు. కానీ అది ఆఖరున రావాల్సిన అనుమానం. మీటరు బయటకు తీయకుండానే అక్కడికి ఎలా వెళ్తారు?

మొన్న కావలి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ల నాన్న పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడతారట. "గొంతు బాగుండగానే అన్నీ రికార్డు చేసి పెట్టాలన్నా, ఇంకో మైకు కొనే స్తోమత లేదు" అన్నాడు. ముందు కేబుల్ మార్చాను. శబ్దం అలాగే ఉంది. తర్వాత మైకు తీసేసి, ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారానే మైకుకు అందే కరెంటు) వేసి, కేబుల్ చివర ఒకటో పిన్నుకూ రెండో పిన్నుకూ మధ్య, ఒకటికీ మూడుకూ మధ్య డీసీ వోల్టేజీ కొలిచాను. రెండుచోట్లా 48 వోల్టులకు దగ్గరగా, సమానంగా రావాలి. 44 నుంచి 52 వరకు ఫరవాలేదు. ఒకవైపు రాకపోతే తీగ తెగిందనో, కనెక్టరులో టంకం ఊడిందనో అనుకోవాలి. ఇతనికి రెండూ సరిగ్గానే వచ్చాయి. రాత్రంతా సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో ఉంచాను. పొద్దున కాసేపు నిశ్శబ్దంగా పనిచేసి, మళ్లీ మొదలుపెట్టింది. తేమే కారణమని అక్కడే తేలిపోయింది.

విప్పి చూస్తే చిన్న బోర్డు అడుగున టంకం వేసినప్పుడు మిగిలిపోయిన గోధుమరంగు ఫ్లక్స్ మరకలు, వాటి పక్కనే ఎవరిదో బొటనవేలి జిడ్డు ముద్ర. సరిగ్గా క్యాప్సూల్ తీగ వచ్చి ఎఫ్‌ఈటీని, అంటే దాని సంకేతాన్ని అందుకునే ట్రాన్సిస్టరును కలిసే చోట! అక్కడ ఉండే రెసిస్టరు విలువ సాధారణంగా ఒక గిగా ఓమ్, అంటే వంద కోట్ల ఓమ్‌లు. క్యాప్సూల్ కెపాసిటీ చూస్తే కొన్ని పదుల పికోఫారడ్లే. అంత చిన్న విద్యుదావేశాన్ని అంత పెద్ద నిరోధం వెనుక నిలబెట్టాలి. జిడ్డు మీద తేమ చేరితే కరెంటు ఆ పక్కనుంచి జారిపోతుంది. నిలకడగా జారదు, ఆగి ఆగి జారుతుంది. మనకు వినిపించే చిటపట అదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బ్రష్షు పెట్టి ఆ చోటు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి బిగించాను. శబ్దం పోయింది. ఖర్చు ఆల్కహాల్ మాత్రమే.

ఇది కొత్తగా కనిపెట్టిన రోగమేమీ కాదు. 1916లో అమెరికా శాస్త్రవేత్త ఇ.సి. వెంట్ కండెన్సర్ మైకు రూపొందించిన కాలం నుంచీ దీనికి తేమతో పేచీ ఉంది. మైపాడు తీరం దగ్గరలో ఉన్న ఊళ్లో మరమ్మతులు చేసేవాళ్లకు ఇది అందరికంటే ముందు తెలియాలి.

ఇంట్లో విప్పేవాళ్లకు ఒక్క మాట. బంగారు పూత ఉన్న ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే. దాన్ని దూదితో తుడవకండి, వేలు పెట్టకండి, ఆల్కహాల్ తగలనివ్వకండి. హెయిర్ డ్రయ్యరు, ఎండ వద్దు. సభల్లో అలవాటైపోయిన ఆ ఊదడం కూడా మానండి. నోటి ఆవిరి నేరుగా ఆ పొర మీదకే పోతుంది.

షాపుల వాళ్లూ, కొత్తది అమ్మడం మీ వ్యాపారం, కాదనను. కానీ నెలల తరబడి కూడబెట్టి కొన్న వస్తువును ఒక్క మాటతో చెత్తబుట్టలో వేయించకండి. కేబుల్ మార్చి చూశారా, రెండు పిన్నుల దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయి, ఆరబెట్టి మళ్లీ విన్నారా — ఈ మూడూ చీటీ మీద రాసివ్వండి. ఆ తర్వాత క్యాప్సూల్ పోయిందంటే నేనూ ఒప్పుకుంటాను.