గుట్ట తరిగిన లెక్క ఊరికి తెలియాలి

కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టపై పదో శతాబ్దంలో జినవల్లభుడు వేయించిన శాసనం ఉంది. అందులోని కంద పద్యాలు తెలుగు ప్రాచీనతకు గట్టి సాక్ష్యాలు. అలాంటి గుట్టకు కూడా గ్రానైట్ తవ్వకాల ముప్పు తప్పలేదు. దాన్ని కాపాడాలని చరిత్రకారులు గొంతెత్తవలసి వచ్చింది. శాసనమూ గుడీ లేని గుట్టల తరఫున మాట్లాడేదెవరు? ఆరావళి శ్రేణుల్లో, రాజస్థాన్ పరిధిలో, పరిశీలించిన 128 గుట్టల్లో 31 మాయమయ్యాయని 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. గుట్టలు పోయాక తేలిన లెక్క అది.

పోకముందే లెక్క తేల్చే సాధనం మన దగ్గర ఉంది. భౌగోళిక సమాచార వ్యవస్థ, అంటే జీఐఎస్, ఒకే పటం మీద లీజు హద్దులు, సర్వే నంబర్లు, చెరువులు, వాగులు, ఇళ్లు, అడవి, పురావస్తు స్థలాలను పొరలుగా పరుస్తుంది. ఎక్కడ తవ్వకూడదో లీజు ఇవ్వకముందే తెలుస్తుంది. ఇసుక, కంకర, గ్రానైట్ వంటి చిన్న తరహా ఖనిజాలకు జిల్లా సర్వే నివేదికలు ఉండాలని 2016 జనవరిలో కేంద్రం నిర్దేశించింది. ఆ నివేదికలకు ఇలాంటి పటమే పునాది కావాలి. పాత పట్టికలను తిరగరాసి సంతకాలు చేస్తే చాలదు.

అసలు కిటుకు లోతులో ఉంది. 2016 అక్టోబరులో మొదలైన కేంద్ర గనుల నిఘా వ్యవస్థ ఉపగ్రహ చిత్రాలతో లీజు చుట్టూ 500 మీటర్ల మేర అనుమానాస్పద తవ్వకాలను వెతుకుతుంది. మంచిదే. కానీ హద్దు లోపలే అనుమతికి మించి దిగిపోయే క్వారీ సంగతేమిటి? ఒక హెక్టారులో ఒక్క మీటరు లోతు దిగితే 10 వేల ఘనపు మీటర్ల రాయి లేచినట్టే. గ్రానైట్ అయితే దాదాపు 27 వేల టన్నులు. ఆరు నెలలకోసారి డ్రోన్‌తో ఎత్తుపల్లాలు కొలిచి, పాత కొలతతో పోల్చి, ఆ తేడాను సీనరేజి, అంటే తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికిచ్చే రుసుము, కట్టి తీసుకున్న పర్మిట్ల పక్కన పెడితే నిజం బయటపడుతుంది.

ఇక్కడ క్వారీ యజమానుల వాదన ఒకటి న్యాయమైనదే. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వంటి రాళ్లలో తవ్వినదంతా అమ్ముడుపోయే దిమ్మె కాదు. పగుళ్లున్నదీ రంగు తేడా ఉన్నదీ వ్యర్థమవుతుంది. అందుకే గుంతతో పాటు వ్యర్థపు రాయి పోసిన డంపును కూడా కొలవాలి. గుట్టగా పోసిన రాయి మధ్య ఖాళీలు ఉంటాయి కనుక వాటినీ లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు నిజాయతీగా తవ్వేవారికి వేధింపూ ఉండదు, దొంగ రవాణాకు వ్యర్థం ముసుగూ మిగలదు. కంకర క్రషర్లకు ఆ రాయిని మళ్లిస్తే కొత్త గుట్టను పగలగొట్టే అవసరమూ కొంత తగ్గుతుంది.

సామర్థ్యం లేదనే మాట చెల్లదు. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉన్నది హైదరాబాద్‌లోనే. పటాలపై ఆంక్షలను కేంద్రం 2021 ఫిబ్రవరిలోనే సడలించింది. మరి లీజు హద్దులు గనుల శాఖ కంప్యూటర్లలోనే ఎందుకుండాలి? దుమ్ము పీల్చేది ఊళ్లోవాళ్లే, పేలుళ్లకు గోడలు బీటలు వారేదీ వాళ్ల ఇళ్లకే. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణానికి, ఎంత లోతుకు, ఎప్పటివరకు అనుమతి ఉందో వారి ఫోనులో తెలుగులో కనిపించాలి. ప్రతి కొలత ఫలితాన్నీ గ్రామసభ ముందు పెట్టాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఈ పనిని ఓ పెద్ద పథకంగా ప్రకటించి ఊరుకోవద్దు. ముందుగా వదిలేసిన గుంతలతో మొదలుపెట్టాలి. వానాకాలంలో నీళ్లు నిండిన పాత క్వారీల్లో ఈతకు దిగి పిల్లలు చనిపోతున్నారు. ఆ గుంత ఎవరి లీజుదో, ఎంత లోతో, కంచె వేయవలసిన బాధ్యత ఎవరిదో పటంలో నమోదు కావాలి. కంచె పడిందని స్థలంలో చూసి నిర్ధారించే దాకా ఆ లీజుదారుకు డిపాజిట్ తిరిగి ఇవ్వకూడదు, మరో లీజు మంజూరు చేయకూడదు.