540 వాట్లు, 540 వాట్లు ఒకటే అయితే ఈ 160 యూనిట్లు ఎక్కడివి?

ఒంగోలులో మా బాబాయి డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుందామనుకున్నాడు. ఒకే ఏజెన్సీ రెండు కంపెనీల ప్యానెళ్లతో రెండు కొటేషన్లు ఇచ్చింది. రెండూ మోనో పెర్క్ అనే రకం సెల్‌లున్న 540 వాట్ల ప్యానెళ్లే, ఆరేసి చొప్పున. కానీ ఏడాదికి ఎంత కరెంటు వస్తుందో ముందే అంచనా వేసే పీవీసిస్ట్ అనే సాఫ్ట్‌వేర్ రిపోర్టులో ఒకటి ఏడాదికి 4,690 యూనిట్లు ఇస్తుందని, ఇంకొకటి 4,530 ఇస్తుందని ఉంది. ఎక్కువ చూపించిన దానికి ధరా ఎక్కువే. "ఏరా, ఏది తీసుకోమంటావు?" అని ఫోన్ చేశాడు. రిపోర్టులు తెప్పించుకుని చదివాక నాకు కోపం ఆగలేదు.

540 అనేది ల్యాబ్ లెక్క. చదరపు మీటరుకు 1000 వాట్ల కాంతి, సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు వచ్చేది. మే నెల మధ్యాహ్నం మన డాబాల మీద సెల్ 65 డిగ్రీలకు చేరుతుంది. పెర్క్ ప్యానెల్‌కు డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున పవర్ పడిపోతుంది. అంటే 14 శాతం పోయి 464 వాట్లు మిగులుతాయి. టాప్‌కాన్ అనే ఇంకో రకం సెల్‌లో ఈ తరుగు 0.30 దగ్గర, హెచ్‌జేటీ అనే రకంలో 0.25 దగ్గర ఉంటుంది. అలాంటి తేడాకైతే నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా అర్థం ఉంది. బాబాయికి చూపించిన రెండు డేటాషీట్లలోనూ 0.35 అనే ఉంది!

ఏ కారణానికి ఎంత కరెంటు పోతుందో చూపించే లాస్ డయాగ్రామ్‌లు రెండు రిపోర్టుల్లోవీ పక్కపక్కన పెట్టి చూశాను. కొత్త ప్యానెల్‌కు ఎండ తగిలిన తొలి రోజుల్లో వచ్చే తరుగును ఎల్‌ఐడీ అంటారు. తక్కువ యూనిట్లు చూపించిన దానికి 2 శాతం వేశారు, ఎక్కువ చూపించిన దానికి 0.5. వారంటీలో మాత్రం రెండు కంపెనీలూ మొదటి ఏడాది తరుగు 2 శాతమనే రాశాయి. దాదాపు సగం తేడా ఇక్కడే తేలిపోయింది. ఏటవాలుగా పడే ఎండలో గాజు ఎంత కాంతిని వెనక్కి కొడుతుందన్న లెక్కలో ఇంకొంత.

మిగిలింది పాన్ ఫైల్‌లో ఉంది. ప్యానెల్ గుణాలన్నీ సాఫ్ట్‌వేర్‌కు చెప్పే ఫైల్ అది, చాలాసార్లు కంపెనీయే తయారుచేసి ఇస్తుంది. అందులో సిరీస్ రెసిస్టెన్స్ అని, ప్యానెల్ లోపల కరెంటుకు ఎదురయ్యే అడ్డును చెప్పే ఒక అంకె ఉంటుంది. రెసిస్టెన్స్ పెరిగితే ప్యానెల్ పనితనం తగ్గినట్టు కనిపించాలి కదా? జరిగేది ఉల్టా. నిండు ఎండలో 540 వాట్లు అన్నది మారదు కాబట్టి, ఆ నష్టం పోగా వచ్చినదే 540 అని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. ఈ నష్టం కరెంటును కరెంటుతోనే గుణిస్తే వచ్చే వర్గాన్ని బట్టి ఉంటుంది, కరెంటు సగమైతే నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే పొద్దున, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు ఆ ప్యానెల్ మిగతా వాటికంటే బాగా పనిచేస్తున్నట్టు రిపోర్టు వస్తుంది. ఫైల్‌లో ఒక్క అంకె జరిగితే చాలు, ఏడాది యూనిట్లు పెరుగుతాయి.

"సాఫ్ట్‌వేర్ ఇచ్చిందే ఇచ్చామండీ" అన్నారు ఏజెన్సీ వాళ్లు. సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, దానికి ఏం పెడితే అదే వండింది. కానీ కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ పోగా మిగతాది లోన్ తీసుకునే మనిషి, ఆ చివరి అంకె ఒక్కటే చూసి సంతకం పెడతాడు. అంత నమ్మకంతో చూసే అంకెను ఇంత అజాగ్రత్తగా ఇవ్వడం అన్యాయం.

ఎల్‌ఐడీ, గాజు లెక్క రెండింటికీ ఒకేలా పెట్టి మళ్లీ రన్ చేయించాం. తేడా 160 నుంచి 50 యూనిట్లకు దిగింది. ఆ 50 కూడా నిజమో కాదో తెలియాలంటే, ఆ పాన్ ఫైల్ బయటి ల్యాబ్ కొలిచిందా, కంపెనీ సొంతంగా రాసుకుందా చెప్పమన్నాం. జవాబు వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వనన్నాడు బాబాయి.