పంజా ముద్ర వకాలత్తుకు చెల్లదు

ఒక కోటీశ్వరురాలు కుక్కల కోసమని ఆశించి వదిలివెళ్లిన ఆస్తి విషయంలో న్యూయార్క్ కోర్టులు కుక్కల నోటికాడ కూడు లాగేశాయని జంతు ప్రేమికులు ఇప్పటికీ వాపోతుంటారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, వాదన మాత్రం ఒప్పుకోను. పోయిన ఆసామి మాట చెల్లాలా, ఉన్న ట్రస్టీ మాట చెల్లాలా అంటే ఉన్నవాడి మాటే చెల్లాలి. చెక్కు మీద సంతకం పెట్టగలిగేది అతనొక్కడే కదా.

ఆ ఆసామి పేరు లియోనా హెల్మ్‌స్లీ. న్యూయార్క్‌లో హోటళ్ల మహారాణి. 1989లో పన్ను ఎగవేత కేసులో దోషిగా తేలింది. ‘పన్నులు కట్టేది చిన్నాచితకా జనమే’ అని అమ్మగారు అన్నారని ఇంట్లో పనిచేసినావిడ కోర్టులో సాక్ష్యం చెప్పింది, నేననలేదని అమ్మగారు అన్నారు. 2007 ఆగస్టులో కాలం చేసేటప్పటికి ఆమె వీలునామా సిద్ధంగా ఉంది. ట్రబుల్ అనే తెల్లటి మాల్టీస్ కుక్కకు కోటీ ఇరవై లక్షల డాలర్లు. ఇద్దరు మనవలకు సున్నా, కారణం వాళ్లకే తెలుసట. ఇంకో ఇద్దరికి డబ్బు దక్కుతుంది గానీ, ఏడాదికొకసారైనా తండ్రి సమాధి చూసి రావాలి, అక్కడి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఆమె పడుకునే సమాధి మందిరం నిర్వహణకు 30 లక్షల డాలర్లు, ఏటా దాన్ని కడిగించాలని ఆదేశం. మిగిలిన ఆస్తంతా ధర్మనిధికి. అది 500 నుంచి 800 కోట్ల డాలర్లు ఉంటుందని అప్పటి అంచనా.

ఆ ధర్మం ఎవరికి చెయ్యాలి? 2003లో ఆమె ఒక ఆశయ పత్రం రాయించుకుంది. మొదటి లైనులో పేదలు, రెండో లైనులో కుక్కలు. 2004లో బాగా ఆలోచించి పేదల్ని కొట్టేసింది. ఇంతకన్నా స్పష్టంగా మనసులో మాట చెప్పినవాళ్లు అరుదు. కాకపోతే పత్రం చివర, కుక్కకున్నట్టే, చిన్న తోక ఉంది: ‘ట్రస్టీలు నిర్ణయించే ఇతర ధర్మకార్యాలు’.

సమాధి కడగడం గురించి వీలునామాలోనే రాసిన మనిషి, కుక్కల సంగతి విడి కాగితం మీద రాసి ఊరుకుంది. లాయర్లు బతికేది ఈ తేడా మీదే. 2009 ఫిబ్రవరిలో కోర్టు తేల్చేసింది: ఆ కాగితం అమ్మగారి అభిలాష మాత్రమే, ఎవరికివ్వాలో ట్రస్టీల ఇష్టం. ఏప్రిల్‌లో ట్రస్టీలు తొలి విడతగా 13 కోట్ల 60 లక్షల డాలర్లు పంచారు. సింహభాగం ఆసుపత్రులకు, వైద్య పరిశోధనకు వెళ్లింది. సింహానికి పోగా కుక్కకు మిగిలింది పది సంస్థలకు తలా ఒక లక్ష, వెరసి పది లక్షలు. నూటికి ముప్పావలా కూడా నిండలేదు.

ఆగస్టులో అమెరికాలోని పెద్ద పెద్ద జంతు సంక్షేమ సంస్థలు ఆ తీర్పు తిరగదోడాలని కోర్టుకెక్కాయి. అసలు మీరెవరని అడిగింది కోర్టు. పత్రంలో ఉన్నది ‘కుక్కలు’, మీ సంస్థల పేర్లు లేవు. ధర్మనిధి దారి తప్పితే అడగాల్సింది రాష్ట్ర అటార్నీ జనరల్, దావా వేసే అర్హత మీకు లేదు. ఇందులో తప్పు పట్టడానికేముంది? అర్హత ఉన్నది కుక్కలకేనంటే అవే రావాలి. వచ్చి వకాలత్తు మీద పంజా ముద్ర వేస్తే గుమాస్తా తీసుకుంటాడా? మన దగ్గరా అంతే. పబ్లిక్ ట్రస్టు మీద దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద ఆసక్తి ఉన్నవాళ్లు ఇద్దరైనా ఉండాలి, ముందు కోర్టు అనుమతీ కావాలి. మా వీధి చివర ఆసక్తి ఉన్నవి డజను దాకా ఉన్నాయి, ఒక్కదానికీ ఆధార్ లేదు.

దాత మాటకు అమెరికా కోర్టులు విలువివ్వవని మాత్రం అనకండి. కాలిఫోర్నియాలో 1975లో కన్నుమూసిన బెరిల్ బక్ అనే ఆమె, కోటి డాలర్లు కూడా చెయ్యని చమురు కంపెనీ షేర్లు మెరిన్ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) నిరుపేదల కోసం, ఇతర ధర్మకార్యాల కోసం రాసిపోయింది. 1979లో షెల్ ఆ కంపెనీని కొనేసింది. షేర్లు 26 కోట్లయ్యాయి. చిక్కేమిటంటే గోల్డెన్ గేట్ వంతెన దాటితే వచ్చే ఆ మెరిన్, దేశంలోకెల్లా సంపన్న కౌంటీల్లో ఒకటి. నిధిని చూస్తున్న శాన్‌ఫ్రాన్సిస్కో ఫౌండేషన్, పక్క కౌంటీల్లో నిజంగా పేదలున్నారు, కాస్త వాళ్లకూ పెడతామని 1984లో కోర్టును వేడుకుంది. మెరిన్ పెద్దలు భగ్గుమన్నారు. 1986లో విచారణ నెలల తరబడి సాగి, అడిగిన ఫౌండేషనే తప్పుకుంది. డబ్బు మరోచోట ఇంకా బాగా ఉపయోగపడుతుందన్నంత మాత్రాన దాత మాట దాటడానికి లేదని కోర్టు చెప్పింది. అక్కడ ‘మెరిన్’ వేదవాక్యం, ఇక్కడ ‘కుక్కలు’ అభిలాష. నాకిందులో వైరుధ్యమేమీ కనిపించదు. మెరిన్ వాసులు లాయర్లను పెట్టుకోగలరు, మొరగరు.

ఇక ట్రబుల్ సంగతి. 2008లో కోర్టు దాని వాటాను 20 లక్షలకు కోసేసింది. ఆ లోటు తెలియకుండా అది ఫ్లోరిడాలో ఒక హెల్మ్‌స్లీ హోటల్లో కాలక్షేపం చేసింది. దాన్ని చూసుకునే మేనేజరు లెక్క ప్రకారం ఏడాది ఖర్చు లక్షా తొంభై వేల డాలర్లు. చంపుతామని బెదిరింపులొచ్చాయి కాబట్టి కాపలాకు లక్ష, చూసుకుంటున్నందుకు ఆయనకు 60 వేలు, జుట్టు కత్తిరింపు, స్నానపానాదులకు 8 వేలు. కుక్క తిన్నది 1,200. ధర్మనిధి నిర్వహణ నేర్చుకోదలచినవాళ్లు ఈ చిట్టాను పటం కట్టించి ఆఫీసు గోడకు తగిలించుకోవచ్చు.

2010 డిసెంబరులో ట్రబుల్ కూడా పోయింది. కోర్టు కోసిన కోటి డాలర్లలో 60 లక్షలు వీలునామాలో సున్నా దక్కిన ఆ ఇద్దరు మనవలకు, 40 లక్షలు ధర్మనిధికి అప్పటికే చేరాయి. తినగా మిగిలింది కూడా ఆ నిధికే జమ. అదే నిధి తొలి విడతలో కుక్కల పేరు చెప్పి ఇచ్చింది పది లక్షలు. కూడికలు తీసివేతలు చూస్తే ఒక మాల్టీస్ కుక్క మనుషుల ఆసుపత్రులకు ముప్పై లక్షల డాలర్లకు తక్కువ కాకుండా విరాళమిచ్చినట్టు. దాని మీద పన్ను మినహాయింపు ఎవరికి రావాలన్నది విడిగా వేసుకోవాల్సిన దావా.