సవరణ: నాలుగు పదవుల ఘనత షుల్ట్జ్ ఒక్కరిదే కాదు

మొన్న జార్జ్ షుల్ట్జ్ గురించి రాస్తూ, అమెరికా కేబినెట్‌లో నాలుగు వేర్వేరు పదవులు చేసింది ఆయన ఒక్కరేనని అన్నాను. అది తప్పు. ఇలియట్ రిచర్డ్‌సన్ కూడా నాలుగు చేశారు. అక్కడి ప్రభుత్వ శాఖలు తమ పాత మంత్రుల గురించి పెట్టుకున్న వివరాలు చూస్తే తేలింది. సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటే.

రిచర్డ్‌సన్ 1970 నుంచి ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ చూశారు. 1973లో కొద్ది నెలలు రక్షణ మంత్రి, ఆ వెంటనే అటార్నీ జనరల్ (అంటే అక్కడి న్యాయ శాఖ అధిపతి). వాటర్‌గేట్ కుంభకోణాన్ని దర్యాప్తు చేస్తున్న ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ను తీసేయమని అధ్యక్షుడు నిక్సన్ ఆదేశిస్తే, ఆ పని చేయనని 1973 అక్టోబర్ 20న రాజీనామా చేసింది ఈయనే. (ఇంత పేరున్న మనిషిని ఎలా మరిచానో!) తర్వాత అధ్యక్షుడు ఫోర్డ్ హయాంలో వాణిజ్య మంత్రి.

నిజానికి రిచర్డ్‌సన్ లెక్కే గట్టిది, నాలుగూ పూర్తి స్థాయి శాఖలు. షుల్ట్జ్ చూసిన శాఖలు మూడు: నిక్సన్ హయాంలో కార్మిక, ఆర్థిక శాఖలు, 1982 నుంచి 1989 దాకా రేగన్ హయాంలో విదేశాంగం. నాలుగోది బడ్జెట్ కార్యాలయం డైరెక్టర్ పదవి. అది కేబినెట్ స్థాయిదని లెక్కిస్తారు గానీ శాఖ కాదు.

ఇద్దరూ 1920లోనే పుట్టారు. పాత పోస్టులో "ఒక్కరే" అన్నచోట "ఇద్దరిలో ఒకరు" అని మార్చాను.